చేతిలో పట్టే సముద్రపు జీపీఎస్: పెట్టె తెరిచింది మొదలు తొలి ప్రయాణం దాకా

చేతి జీపీఎస్‌ను పడవ ఎక్కాక నేర్చుకోవచ్చు అనుకోకండి. పడవ ఊగుతుంటుంది, తెర మీద ఎండ కొడుతుంటుంది, చేతులు తడిగా ఉంటాయి. అప్పుడు మెనూల్లో వెతుక్కోవడం అయ్యే పని కాదు. ఈ పరికరానికి బాగా తెలిసింది ఒక్కటే, మీరు ఇప్పుడు ఏ బిందువు దగ్గర ఉన్నారన్నది. మీకూ మీ గమ్యానికీ మధ్య రాళ్లున్నాయా, నీరు మిమ్మల్ని ఎటు లాగుతోంది అన్నవి మీరే చూసుకోవాలి. ఇక్కడ చెప్పే పనుల్లో ఎక్కువ భాగం ఒడ్డున, తీరిగ్గా చేయాల్సినవి.

బ్యాటరీలు, మూతలు

చేతి జీపీఎస్‌లలో చాలావాటికి రెండు ఏఏ సెల్స్ పడతాయి. కొన్నిటిలో లోపలే ఛార్జింగ్ బ్యాటరీ ఉంటుంది. ఏఏ సెల్స్ వేసే పరికరమైతే, వేసిన వెంటనే సెట్టింగుల్లో బ్యాటరీ రకం ఎంచుకోండి. అల్కలైన్ సెల్ 1.5 వోల్టుల దగ్గర మొదలై వాడుతున్నకొద్దీ మెల్లగా దిగుతుంది. ఛార్జి చేసుకునే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్ 1.2 వోల్టుల దగ్గర చాలాసేపు నిలకడగా ఉండి చివర్లో ఒక్కసారిగా పడిపోతుంది. పరికరం వోల్టేజిని చూసే మిగిలిన ఛార్జిని అంచనా వేస్తుంది. అందుకే రకం తప్పుగా పెడితే సగం ఉందని చూపిస్తూనే ఆరిపోవచ్చు. పాత సెల్‌నూ కొత్త సెల్‌నూ కలిపి వేయకండి. ఒక అదనపు జత ఎప్పుడూ నీరు చొరని సంచిలో ఉండాలి. నెలల తరబడి వాడనప్పుడు సెల్స్ బయటికి తీసేయండి. కారిన అల్కలైన్ సెల్ లోపలి స్ప్రింగులను తినేస్తుంది.

ఐపీఎక్స్7 అని రాసి ఉంటే, మూతలన్నీ బిగించి ఉన్నప్పుడు 1 మీటరు లోతు నీటిలో 30 నిమిషాలు తట్టుకుంటుందని అర్థం. పరీక్ష జరిగేది మంచినీటిలో. రబ్బరు సీలు మీద ఒక ఇసుక రేణువో, వెంట్రుకో, ఎండిన ఉప్పో ఉన్నా నీరు దారి చేసుకుంటుంది. మూత మూసే ముందు ప్రతిసారీ సీలును తడిగుడ్డతో తుడిచి, వేలితో చుట్టూ తడిమి చూడండి. ఛార్జింగ్ పోర్టు మీది రబ్బరు మూతనే ఎక్కువమంది మరిచిపోతారు.

నీటిలో తేలే మోడల్ అయినా సరే, తాడు కట్టాల్సిందే. తేలే పరికరం కూడా పడవకు దూరంగా కొట్టుకుపోతుంది. తాడు రెండో కొసను మెడకు కాకుండా లైఫ్ జాకెట్‌కు గాని పడవకు గాని కట్టండి. మెడలో ఉన్న తాడు దేనికైనా తగులుకుంటే ప్రమాదం.

మొదటిసారి ఆన్ చేయడం

ఆకాశం నాలుగు వైపులా కనిపించే చోటికి వెళ్లి, పరికరాన్ని ఒకచోట కదలకుండా పెట్టి ఆన్ చేయండి. జీపీఎస్ ఉపగ్రహాలు దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి, వాటి సంకేతం మన దగ్గరికి వచ్చేసరికి చాలా బలహీనంగా ఉంటుంది. ఒక్కో ఉపగ్రహం తన కక్ష్య వివరాలను 30 సెకన్లకు ఒకసారి పంపుతుంది. మొత్తం ఉపగ్రహాల జాబితా పూర్తిగా అందడానికి 12.5 నిమిషాలు పడుతుంది. కొత్త పరికరమైనా, నెలలుగా ఆపి ఉంచినదైనా, ఆపి ఉండగా వందల కిలోమీటర్లు తరలించినదైనా 15 నుంచి 20 నిమిషాలు వదిలేయండి. ఈలోగా దాన్ని పట్టుకుని చెట్ల కింద తిరిగితే అందుతున్న వివరాలు మధ్యలో తెగి మళ్లీ మొదటికొస్తాయి. ఆ తర్వాత కొద్ది గంటల్లోపు ఆన్ చేస్తే సెకన్లలోనే స్థానం దొరుకుతుంది.

పట్టుకునే తీరు కూడా ముఖ్యమే. పైన బొడిపెలాంటి యాంటెన్నా ఉంటే నిలువుగా పట్టుకోవాలి. అది లేకుండా చదునుగా ఉండే రకమైతే తెర ఆకాశం వైపు ఉండేలా పెట్టాలి. లోహపు పైకప్పు కింద, ఇంజిన్ గదిలో సంకేతం అందదు. ఒంటికి ఆనించి పట్టుకున్నా సగం ఆకాశం మూసుకుపోతుంది.

ఉపగ్రహాల పేజీ తెరిచి చూడండి. ఎత్తుతో సహా స్థానం తేలాలంటే కనీసం 4 ఉపగ్రహాలు కావాలి. కానీ సంఖ్య ఒక్కటే చాలదు, అన్నీ ఆకాశంలో ఒకే మూల గుమిగూడి ఉంటే లెక్క వదులవుతుంది. హెచ్‌డీఓపీ అనే అంకె చెప్పేది అదే. 1, 2 మధ్య ఉంటే నిశ్చింత, 5 దాటితే స్థానాన్ని అనుమానించండి. గ్లోనాస్, గెలీలియో, బెయ్‌డౌ లాంటి ఇతర వ్యవస్థలను కూడా అందుకునే పరికరమైతే వాటినీ ఆన్ చేయండి. బ్యాటరీ కాస్త ఎక్కువ తింటుంది, కానీ కొండలు, ఎత్తైన కట్టడాలు అడ్డొచ్చే రేవుల్లో తేడా తెలుస్తుంది. బయలు సముద్రంలో మామూలుగా కొద్ది మీటర్ల లోపు కచ్చితత్వం వస్తుంది. నీటి మీద ఉండగా ఎత్తు 8 మీటర్లనో, మైనస్ 12 అనో చూపిస్తే కంగారు పడకండి. ఎత్తు లెక్క ఎప్పుడూ స్థానం కంటే వదులుగానే ఉంటుంది, పడవకు దానితో పని లేదు.

లోపల ఎలక్ట్రానిక్ దిక్సూచి ఉంటే దాన్ని ఒకసారి కాలిబ్రేట్ చేయాలి, సెల్స్ మార్చినప్పుడల్లా మళ్లీ చేయాలి. ఇంజిన్, లంగరు, స్పీకరు, జేబులో కత్తి, వీటికి దూరంగా నిలబడి తెర చెప్పినట్టు తిప్పండి. దిక్సూచి లేని పరికరం కదులుతున్నప్పుడే దిశ చెప్పగలదు. నిలబడి ఉన్నప్పుడు బాణం ఇష్టమొచ్చినట్టు తిరిగితే అది చెడిపోయినట్టు కాదు.

తప్పనిసరిగా చూడాల్సిన సెట్టింగులు

తొందరపడకుండా చేయాల్సిన పని ఇదే. పరికరం బాగానే పనిచేస్తూ, అంకెలూ సరిగ్గానే ఉండి, వాటిని చదివిన పద్ధతి తప్పడం వల్ల పడవలు రాళ్ల మీదికి వెళ్లే ప్రమాదం ఉంది.

*స్థానం రాసే పద్ధతి.* డిగ్రీలు, నిమిషాలు, నిమిషంలో దశాంశాలు అన్న రూపాన్ని ఎంచుకోండి. సముద్రపు చార్టులు, రేడియోలో స్థానం చెప్పే పద్ధతి, రెండూ దాని మీదే నడుస్తాయి. అక్షాంశంలో 1 నిమిషం అంటే దాదాపు 1 నాటికల్ మైలు, అంటే 1852 మీటర్లు. మూడో దశాంశ స్థానం విలువ 2 మీటర్ల లోపే. ఇప్పుడు 12° 30.50′ అనే స్థానాన్ని 12° 30′ 50″ అని చదివారనుకోండి. మొదటిది 30 నిమిషాల 30 సెకన్లు, రెండోది 30 నిమిషాల 50 సెకన్లు. తేడా 617 మీటర్లు. రేవు ముఖద్వారానికీ దాని పక్కనున్న రాతిగోడకూ మధ్య అంత దూరం ఉండదు. ఇంకో సంగతి: రేఖాంశంలో నిమిషం భూమధ్యరేఖ దగ్గరే అంత పొడవు, ధ్రువాల వైపు పోయేకొద్దీ కుంచించుకుపోతూ 60° అక్షాంశం దగ్గర సగానికి వస్తుంది. అందుకే కాగితం చార్టు మీద దూరాన్ని ఎప్పుడూ పక్క అంచున ఉన్న అక్షాంశపు కొలత మీదే కొలవాలి, పైనా కిందా ఉన్న దాని మీద కాదు.

*డేటమ్.* అక్షాంశ రేఖాంశాలను ఏ ఆధారం నుంచి లెక్కించాలో చెప్పేది డేటమ్. దాన్ని డబ్ల్యూజీఎస్ 84 మీద ఉంచండి. జీపీఎస్ లెక్కలన్నీ దాని మీదే సాగుతాయి. పాత కాగితం చార్టులు కొన్ని స్థానిక డేటమ్‌ల మీద గీసినవి, తేడా వందల మీటర్ల దాకా ఉండొచ్చు. చార్టు మీద శీర్షిక దగ్గర ఈ విషయం రాసి ఉంటుంది, స్థానాన్ని ఎటు ఎంత జరపాలో కూడా చాలాసార్లు అక్కడే ఇస్తారు. ఒక చార్టు కోసం పరికరంలో డేటమ్ మార్చితే, పని అయ్యాక వెనక్కి మార్చడం మరిచిపోకండి.

*కొలతలు.* దూరం నాటికల్ మైళ్లలో, వేగం నాట్లలో (గంటకు ఒక నాటికల్ మైలు అంటే ఒక నాటు). లోతు మాత్రం మీరు వాడే చార్టు ఏ కొలతలో ఉంటే అందులో. చార్టు మీద 3 అని ఉంటే అది 3 మీటర్లు కావచ్చు, 3 ఫాథమ్‌లు అంటే దాదాపు 5.5 మీటర్లు కావచ్చు, 3 అడుగులు అంటే మీటరు కూడా లేకపోవచ్చు.

*ఉత్తరం.* భౌగోళిక ఉత్తరమా, అయస్కాంత ఉత్తరమా అన్నది మీరు ఎంచుకోవాలి. పడవలో మామూలు దిక్సూచి చూసి చుక్కాని పట్టేవాళ్లు అయస్కాంత ఉత్తరం పెట్టుకుంటే, తెర మీది అంకెను కూడికలు తీసివేతలు లేకుండా దిక్సూచితో పోల్చుకోవచ్చు. ఆ ప్రాంతపు తేడాను పరికరమే లెక్కేసుకుంటుంది. పడవలోని ఇనుము దిక్సూచిని లాగడం వల్ల వచ్చే తేడా మాత్రం మీరే చూసుకోవాలి. ఏది ఎంచుకున్నారో చిన్న టేపు ముక్క మీద రాసి పరికరం వెనక అంటించండి. పడవలో ఇంకెవరైనా దాన్ని చేతిలోకి తీసుకోవాల్సి రావచ్చు.

*సమయం, తేదీ.* ఆటుపోట్ల సమయాలు, సూర్యాస్తమయం ఈ తేదీ మీద ఆధారపడి లెక్కించినవే. జీపీఎస్ సంకేతంలో వారం సంఖ్య 0 నుంచి 1023 దాకా పోయి మళ్లీ సున్నాకు వస్తుంది. 1999 ఆగస్టులో, 2019 ఏప్రిల్‌లో అలా తిరిగింది. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ లేని పాత పరికరం 19 ఏళ్లకు పైగా వెనకటి తేదీ చూపించవచ్చు. స్థానం సరిగ్గానే ఉండి, పోటు సమయం మాత్రం తప్పు చెబుతుంది. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు ముందు చూడాల్సింది ఇదే.

చివరిగా, డెమో లేదా సిమ్యులేటర్ మోడ్ ఆపి ఉందో లేదో చూడండి. ఇంట్లో నేర్చుకోవడానికి అది చాలా మంచిది. అదే మోడ్‌లో పడవ ఎక్కితే తెర మీద కనిపించే పడవ మీది కాదు.

లోపలి మ్యాపు

పరికరంతో పాటు వచ్చే ప్రాథమిక మ్యాపు తీరం గీతను మోటుగా చూపిస్తుందంతే, దాన్ని చూసి పడవ నడపకూడదు. తీరపు చార్టులు అందులోనే ఉన్నాయా, విడిగా కొని వేసుకోవాలా అన్నది కొనే ముందే తెలుసుకోండి. చార్టు ఉన్నా రెండు ఉచ్చులుంటాయి. జూమ్ తగ్గించినప్పుడు చిన్న రాళ్లు, మునిగిన దిబ్బలు తెర నుంచి మాయమవుతాయి. జూమ్ బాగా పెంచినప్పుడు, పాత సర్వేలో దూరం దూరంగా కొలిచిన లోతులు కూడా కొత్తవాటంత కచ్చితంగా కనిపిస్తాయి. చార్టు మీది లోతు సాధారణంగా చాలా తక్కువ నీరున్నప్పటి మట్టం నుంచి కొలిచింది. ఆ సమయానికి ఉన్న పోటు ఎత్తును దానికి కలుపుకోవాలి. తక్కువ లోతుకు వేరే రంగు వేసే సదుపాయం ఉంటే, మీ పడవ మునిగే లోతుకు కొంత కలిపి పెట్టుకోండి. 1.2 మీటర్లు మునిగే పడవకు 2 మీటర్లు పెట్టడం న్యాయం. అలలు ఎక్కువుండే చోట ఇంకా పెంచాలి.

ఒడ్డున సాధన

1. ఒక బయలు మైదానంలో నిలబడి, స్థానం నిలకడగా వచ్చాక మార్క్ బటన్ నొక్కి ఆ చోటును వేపాయింట్‌గా దాచుకోండి. పరికరం ఇచ్చే 001, 002 పేర్లు వదిలేసి, చదవగానే గుర్తుపట్టే పేరు పెట్టండి.
2. కనీసం 200 మీటర్లు నడిచి వెళ్లి, గోటు (దాచుకున్న బిందువుకు దారి చూపించే ఎంపిక) ఎంచుకుని, తెర చూస్తూ తిరిగి రండి. వేపాయింట్‌కు కొద్ది మీటర్లలో బాణం తికమకపడుతుంది. అది మామూలే, కచ్చితత్వం అక్కడి దాకానే.
3. ఇప్పుడు ఒక వేపాయింట్‌ను అంకెలు టైప్ చేసి ఎక్కించండి. ఉత్తరమా దక్షిణమా, తూర్పా పడమరా అన్న అక్షరాన్ని ముందు సరిచూడండి. అక్కడ తప్పితే గమ్యం వేల మైళ్ల దూరం వెళ్లిపోతుంది, దాన్ని వెంటనే గుర్తుపడతారు. నిమిషాల్లో ఒక అంకె తారుమారైతే గుర్తుపట్టరు, ప్రమాదమంతా అందులోనే ఉంది.
4. ఎంఓబీ బటన్, అంటే మనిషి నీటిలో పడినప్పుడు నొక్కేది, కళ్లు మూసుకుని వేలితో తడిమి నొక్కగలిగేదాకా సాధన చేయండి. చాలా పరికరాల్లో ఒక బటన్‌ను నొక్కి పట్టుకోవాలి. తర్వాత దాన్ని ఎలా రద్దు చేయాలో కూడా నేర్చుకోండి.

రూట్ వేయడం

గోటు అన్నది ఉన్నచోటి నుంచి గమ్యానికి సూటిగా గీత గీస్తుంది. మధ్యలో దీవి ఉన్నా ఆ గీత ఆగదు. అందుకే తీరం దగ్గరి ప్రయాణానికి వరస వేపాయింట్లతో రూట్ కావాలి. ముందు చార్టు మీద సురక్షితమైన మలుపులు గుర్తించి, వాటి స్థానాలు కాగితం మీద రాసుకుని, అప్పుడు ఎక్కించండి. బోయ్ (దారి గుర్తుగా నీటిలో తేలేలా కట్టినది) మీదే వేపాయింట్ పెట్టకండి. పొగమంచులోనో చీకట్లోనో ఆ బోయ్‌నే మీరు గుద్దుకోవచ్చు, అదే అంకె పెట్టుకున్న ఇంకో పడవ ఎదురురావచ్చు. సురక్షితమైన వైపు 0.1 నాటికల్ మైలు, అంటే 185 మీటర్లు జరిపి పెట్టండి.

ఎక్కించాక రెండు పరీక్షలు చేయండి. ఒకటి, ప్రతి అంకాన్నీ (రెండు వేపాయింట్ల మధ్య దారిని) దగ్గరి జూమ్‌లో మొదటి నుంచి చివరిదాకా జరుపుకుంటూ చూడాలి. రెండోది ఇంకా విలువైనది: కాగితం చార్టు మీద ఒక్కో అంకానికి దూరమూ దిశా స్కేలుతో కొలిచి, పరికరం చూపించే దూరంతో, దిశతో పోల్చండి. ఒక్క అంకె తప్పుగా కొట్టినా ఈ పోలికలో బయటపడుతుంది. పది నిమిషాల పని, దాన్ని ఎప్పుడూ వదలకండి.

నీటి మీద: బేరింగ్, సీఓజీ

తెర మీద ఎన్నో అంకెలు పెట్టుకోవచ్చు. మొదట్లో నాలుగు చాలు: బేరింగ్ (గమ్యం ఉన్న దిశ), సీఓజీ (నేల మీద మీరు నిజంగా కదులుతున్న దిశ), ఎస్ఓజీ (నేలతో పోలిస్తే మీ వేగం), ఎక్స్‌టీఈ (గీసుకున్న దారి నుంచి ఎంత పక్కకు జరిగారో).

చాలామంది కొత్తవాళ్లు పడవ ముక్కును గమ్యం వైపు తిప్పి పట్టుకుంటే చాలనుకుంటారు. ప్రవాహం లేకపోతే చాలు. ఉంటే ఏమవుతుందో లెక్కేసి చూద్దాం. గమ్యం నేరుగా తూర్పున, 090° దిశలో 4 నాటికల్ మైళ్ల దూరం. మీ వేగం 5 నాట్లు. నీరు దక్షిణానికి 1.5 నాట్లతో పారుతోంది. ముక్కు 090° కి పట్టగానే సీఓజీ దాదాపు 107° చూపిస్తుంది, మీరు దక్షిణానికి జారుతున్నారన్నమాట. జారినకొద్దీ బేరింగ్ మారుతుంది, మీరు ముక్కును మళ్లీ గమ్యం వైపు తిప్పుతారు. చివరికి గమ్యం చేరతారు, కానీ విల్లులా వంగిన దారిలో. ఈ ఉదాహరణలో ఆ వంపు అసలు గీతకు దాదాపు 0.45 నాటికల్ మైళ్లు, అంటే 800 మీటర్లకు పైగా పక్కకు పోతుంది. మీరు చార్టు మీద సరిచూసుకున్నది ఆ గీతను మాత్రమే, వంపు కింద రాళ్లున్నాయేమో మీరు చూడలేదు.

చేయాల్సింది ఇది. బయల్దేరిన రెండు మూడు నిమిషాలకు సీఓజీని బేరింగ్‌తో పోల్చండి. సీఓజీ 17° ఎక్కువ చూపిస్తే, ముక్కును ప్రవాహానికి ఎదురుగా అంతే, అంటే దాదాపు 073° కి తిప్పండి. సీఓజీ 090° కి వచ్చి బేరింగ్‌తో కలుస్తుంది. ముక్కు గమ్యం వైపు లేకపోయినా పడవ గీత మీదే సాగుతుంది. సమయం 50 నిమిషాలు. వంపు దారిలో అయితే 53 పడుతుంది. ఇక మీదట చుక్కాని పట్టిన మనిషి దిక్సూచి మీద 073° చూసి నడపాలి. జీపీఎస్‌ను కొద్ది నిమిషాలకు ఒకసారి చూసి సర్దుకుంటే సరిపోతుంది. తెర మీది సీఓజీ అలలకు అటూ ఇటూ ఊగుతుంటుంది, దాని వెంటపడితే దారి పాములా మెలికలు తిరుగుతుంది.

అప్పటికే పక్కకు జరిగి ఉంటే, కొత్త బేరింగ్ పట్టుకునే ముందు ఎక్స్‌టీఈ చూసి పాత గీత మీదికి తిరిగి రండి. గోటును మళ్లీ నొక్కితే ఉన్నచోటి నుంచి కొత్త గీత వస్తుంది, ఎక్స్‌టీఈ సున్నా అవుతుంది, అంతా బాగున్నట్టు కనిపిస్తుంది. ఆ కొత్త గీతను మీరు చార్టు మీద సరిచూడలేదు.

లంగరు అలారం

లంగరు వేసిన చోటి చుట్టూ మీరు పెట్టిన వృత్తం దాటి పడవ జారితే ఈ అలారం మోగుతుంది. లంగరు నేలను తాకిన క్షణంలోనే స్థానం మార్క్ చేయండి. పడవ వెనక్కి జరిగి తాడు బిగిశాక మార్క్ చేస్తే వృత్తం కేంద్రం తప్పుతుంది. గాలి మారి పడవ అటు పక్కకు తిరగగానే అర్ధరాత్రి ఉత్తుత్తి అలారం మోగుతుంది. వ్యాసార్థం లెక్క: పడవ ముక్కు ఎత్తుతో కలిపి లోతు 5 మీటర్లు, వదిలిన గొలుసు 25 మీటర్లు అయితే అడ్డంగా దాదాపు 24.5 మీటర్లు వస్తుంది. పరికరం పడవ వెనక భాగంలో ఉంటే ఆ పొడవు, ఉదాహరణకు 8 మీటర్లు, కలపాలి. స్థానంలో ఊగిసలాటకు ఇంకో 5 నుంచి 10 మీటర్లు. అంటే 40 మీటర్లు పెట్టండి. రాత్రంతా నడవాలి కాబట్టి పరికరానికి పడవ నుంచి కరెంటు అందేలా చూడండి.

మనిషి నీటిలో పడినప్పుడు, సాయం కోరేటప్పుడు

ఎంఓబీ గుర్తు మీరు బటన్ నొక్కిన చోటు, మనిషి ఉన్న చోటు కాదు. నొక్కేలోపు పడవ ముందుకు పోతుంది, ఆ తర్వాత మనిషి నీటితో కొట్టుకుపోతాడు. అందుకే ఒకరు చేయి చాపి మనిషినే చూస్తూ ఉండాలి, ఇంకొకరు బటన్ నొక్కాలి. మనిషి కంటికి దూరమైతే ఆ గుర్తు దగ్గర మొదలుపెట్టి ప్రవాహం పోయే వైపు వెతకండి.

వీహెచ్ఎఫ్ రేడియోలో 16వ ఛానెల్ మీద స్థానం చెప్పేటప్పుడు ఒక్కో అంకెనూ విడివిడిగా పలకండి, దశాంశ బిందువునూ ఉత్తర దక్షిణాలనూ వదలకండి. రేడియోకు డీఎస్‌సీ (బటన్ నొక్కితే ఆపద సందేశం పంపే సదుపాయం) ఉండి, అందులో జీపీఎస్ లేకపోతే, పరికరం నుంచి ఎన్ఎంఈఏ 0183 (సముద్రపు పరికరాలు ఒకదానికొకటి సమాచారం పంపుకునే పద్ధతి) తీగతో కలపవచ్చు. రెండు వైపులా మామూలుగా 4800 బాడ్ (సమాచారం పంపే వేగం) ఉండాలి. కలిపాక రేడియో తెర మీద మీ స్థానం కనిపిస్తుందో లేదో చూడండి. మీ రేడియోను గుర్తించే తొమ్మిది అంకెల ఎంఎంఎస్ఐ సంఖ్య ఎక్కించకపోతే ఆపద బటన్ పనిచేయదు.

ఆరిపోతే, అబద్ధం చెబితే

అరగంటకో గంటకో ఒకసారి సమయం, స్థానం, దిశ, వేగం పుస్తకంలో రాయండి. పరికరం నీటిలో పడితే ఆ చివరి వరస నుంచే మీ స్థానాన్ని లెక్కేసుకుంటారు. జీపీఎస్ సంకేతాన్ని అడ్డుకోవడం, నకిలీ సంకేతంతో ఏమార్చడం కొన్ని ప్రాంతాల్లో జరుగుతున్నవే. స్థానం ఉన్నట్టుండి మైళ్ల దూరం దూకినా, మీ పడవ చేరుకోలేని వేగం చూపించినా, తేదీ మారినా పరికరాన్ని పక్కన పెట్టి దిక్సూచి, లోతు, కంటికి కనిపించే గుర్తులు చూసి నడపండి. అంతా బాగున్నప్పుడు కూడా లోతు కొలిచే పరికరం చెప్పేది చార్టుతో కలుస్తోందా అని చూస్తూ ఉండాలి. ఆ రెండింటికీ పొత్తు కుదరకపోతే వేగం తగ్గించండి.

తిరిగొచ్చాక

మూతలు బిగించి ఉండగానే మంచినీటితో కడిగి, తుడిచి, ఆరాక సెల్స్ మూత తెరవండి. ఆ రోజు ట్రాక్‌కు, అంటే పడవ నడిచిన దారికి, పేరు పెట్టి దాచుకోండి. లేకపోతే పరికరం మెమరీ నిండినప్పుడు పాత బిందువుల మీద కొత్తవి పడతాయి. ట్రాక్‌లు, వేపాయింట్లు జీపీఎక్స్ ఫైలుగా కంప్యూటర్‌లోకి తీసి ఉంచండి. పరికరం పోయినా అవి ఉంటాయి. ఒక ట్రాక్‌ను మరోసారి వెనక్కి నడిచే దారిగా వాడబోయే ముందు, ఆ రోజు నీటి మట్టం ఎంతో దాని పక్కనే రాసుకోండి. నిండు పోటు మీద దాటిన ఇసుకదిబ్బ, నీరు తీసినప్పుడు అదే గీత మీద పడవను పట్టేస్తుంది.